ఒప్పందంలోని ఒక్క షరతుతో పెద్ద కంపెనీలు కోర్టును ఎలా తప్పించుకుంటాయి?

అమెరికాలో పెద్ద కంపెనీలు జవాబుదారీతనం తప్పించుకునే ప్రధాన మార్గాల్లో ఒకటి, నష్టపోయిన వినియోగదారుడు కోర్టుకు వెళ్లకుండా, తోటి బాధితులతో కలిసి సామూహిక దావా వేయకుండా అడ్డుకునే ఆర్బిట్రేషన్ షరతును ఒప్పందంలో ముందే చేర్చడం. ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీట నొక్కితే చాలు, వివాదం ప్రైవేటు మధ్యవర్తి ముందుకు పోతుంది. ఆయన తీర్పుపై అప్పీలుకు అవకాశం బహు స్వల్పం.

అసలు కిటుకు లెక్కలో ఉంది. ఒక్కొక్కరి నష్టం చిన్నది, లక్షల మందిది కలిపితే భారీ మొత్తం. విడివిడిగా పోరాడితే వచ్చేది లాయరు ఫీజుకే చాలదు కనుక దాదాపు ఎవరూ ముందుకు రారు. ఉచితమని ప్రకటించిన ఫోనుపై 30.22 డాలర్ల అమ్మకం పన్ను వసూలు చేశారంటూ కాలిఫోర్నియా దంపతులు టెలికాం సంస్థ ఏటీ అండ్ టీపై వేసిన దావాలో, ఇలాంటి షరతులు చెల్లవన్న ఆ రాష్ట్ర న్యాయసూత్రం 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం ముందు నిలవదని అమెరికా సుప్రీంకోర్టు 2011లో 5–4 మెజారిటీతో తేల్చింది.

సంతకం పెట్టాక మన దేశంలోనూ దారి మూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, అది పొరపాటు. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం ఫిర్యాదును వినడం మానుకోనక్కర్లేదని మన సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో స్పష్టం చేసింది. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఒకే రకమైన ప్రయోజనం ఉన్నవారందరి తరఫున కొందరు వినియోగదారుల కమిషన్ (ఇదివరకటి ఫోరం) అనుమతితో ఉమ్మడి ఫిర్యాదు చేయవచ్చు.