పెట్రోలు పొదుపుతో కారు కిస్తీ కట్టలేం

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. హైదరాబాద్ నిజాంపేటలో సొంత ఫ్లాట్. నెలకు చేతికొచ్చే జీతం 1,10,000. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, ఇద్దరు పిల్లలు. 2015 నాటి పెట్రోలు స్విఫ్ట్ నడుపుతున్నాను, 15 కంటే మైలేజీ రావడం లేదు. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచే కారు) తీసుకుందామనుకుంటున్నాను. లీటరుకు 27.97 కిలోమీటర్లు ఇస్తుందట. ఆన్-రోడ్ ధర 20 లక్షలు. పాత కారుకు 2.4 లక్షలు వస్తాయి, 14 లక్షలు ఏడేళ్ళకు 9 శాతం మీద కార్ లోన్, మిగతా 3.6 లక్షలకు ఇంట్లో బంగారం పెట్టి గోల్డ్ లోన్. నెల ఖర్చుల పట్టిక జతచేశాను. సేవింగ్స్ ఖాతాలో 1.2 లక్షలు ఉన్నాయి. నెలకు 12 వేలు మ్యూచువల్ ఫండ్ సిప్ కడుతున్నాను, అది ఆపేస్తాను. ఇప్పటికే 21 వేలు కట్టి బుక్ చేశాను. బ్యాటరీ పాడైతే చాలా ఖర్చవుతుందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ముందుకు వెళ్ళమంటారా?

జవాబు: బ్యాటరీ గురించి టెన్షన్ పడకండి. ఆ కార్లో హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంది. మీ భయం అక్కడ ఉంది. నా భయం మీరు పంపిన ఖర్చుల పట్టికలో ఉంది. ఈ ఒక్క నెలలోనే నాకు ఇలాంటి ఉత్తరాలు నాలుగు వచ్చాయి. కార్లు వేరు, ఊళ్ళు వేరు, తప్పు మాత్రం ఒకటే: మిగలబోయే పెట్రోలు డబ్బును ముందే కిస్తీలో కలిపేయడం. అందుకే మీ లెక్కను కాస్త విడమరిచి చూపిస్తాను.

మీరు కిస్తీ సర్దుకున్న తీరు ఇదీ. ఏడేళ్ళపాటు నెలకు 22,525. సిప్ ఆపితే 12,000, ఇప్పుడు నెలాఖరుకు మిగులుతున్నది 5,500, కొత్త కారు వల్ల పెట్రోలులో ఆదా అయ్యేది 5,000. మొత్తం 22,500. కాగితం మీద పాతిక రూపాయల తేడాతో సరిపోయింది. ఇంత చక్కగా కుదిరిన లెక్క ఎదురైతే ముందు కారు ఎంచుకుని, తర్వాత దానికి తగ్గట్టు అంకెలు పేర్చారని నాకు అనుమానం వస్తుంది.

ఆ 5,000 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశాను. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతానని వేసుకున్నారు. లీటరు 108 చొప్పున ఇప్పటి పెట్రోలు ఖర్చు 10,800, హైబ్రిడ్‌తో 5,800. మరి మీరే పంపిన పట్టికలో ఐదో వరుసలో పెట్రోలు ఖర్చు 6,600 అని ఉంది! ఆరువేల ఆరు వందలకు 61 లీటర్లు వస్తాయి. 15 మైలేజీతో అది 920 కిలోమీటర్లు. మీ ఆఫీసు కూడా హైబ్రిడే కదా, వారానికి మూడు రోజులు. నానక్‌రామ్‌గూడకు రానూ పోనూ 40 కిలోమీటర్లంటే నెలకు 520. రెండు నెలలకోసారి ఖమ్మం, సరాసరి నెలకు 200. ఊళ్ళో తిరగడానికి మరో 200. ఎటు నుంచి కూడినా 900 చిల్లరే తేలుతోంది. 1,500 అనేది మీరు తిరిగే దూరం కాదు, కిస్తీ కుదరడానికి కావలసిన దూరం.

ఇక 27.97 సంగతి. అది పరీక్షలో ధ్రువీకరించిన అంకె, అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ పరీక్షలో జేఎన్‌టీయూ జంక్షన్ ఉండదు, మే నెల ఏసీ ఉండదు, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఉండరు. ఈ రకం కార్లు నడుపుతున్న నా క్లయింట్లు చెప్పేది 20 నుంచి 24 మధ్య. 22 వేసుకుందాం. నెలకు 920 కిలోమీటర్లకు 42 లీటర్లు, 4,500 రూపాయలు. ఆదా 2,100. మీరు వేసుకున్న దాంట్లో సగం కూడా లేదు.

నేను ఈ కారుకు వ్యతిరేకిని కాను. మా మిత్రుడి కార్లో ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నరకు జేఎన్‌టీయూ నుంచి సైబర్ టవర్స్ దాకా నేనే నడిపాను. బండి పాకుతున్నంతసేపూ ఇంజన్ ఆగిపోయి ఉంది, స్క్రీన్ మీద ఆకుపచ్చగా ఈవీ అని వెలుగుతోంది, ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బ్రేకు వేసినప్పుడల్లా బాణం గుర్తు చక్రాల నుంచి బ్యాటరీ వైపు తిరిగింది. పక్కన ఆటో డ్రైవరు బండి ఆగిపోయిందేమోనని తొంగి చూశాడు. ఆ ట్రాఫిక్‌లో అంత హాయిగా ఎప్పుడూ నడపలేదు. అసలు హైబ్రిడ్ బలమంతా ఆగుతూ సాగే రోడ్డు మీదే. సూర్యాపేట మీదుగా ఖమ్మం వెళ్ళేటప్పుడు వంద స్పీడులో పోతుంటే ఎక్కువసేపు ఇంజనే లాగుతుంది, అక్కడ ఆదా తగ్గిపోతుంది. నాలుగు రోజులు ఇంట్లోనే ఉండే మీలాంటివాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: వారాల తరబడి కదపకుండా ఉంచితే ఇందులో ఉండే మామూలు 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి బండి స్టార్ట్ కాదు.

మీరు పంపిన రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టాను. అదే కారు మామూలు పెట్రోలు వేరియంట్‌కూ హైబ్రిడ్‌కూ తేడా 3,50,000. మామూలుది సిటీలో 16 ఇచ్చినా మీ తిరుగుడుకు రెండింటి మధ్య పెట్రోలు తేడా నెలకు 1,700 దాటదు. అదనంగా పెట్టిన మూడున్నర లక్షలు వెనక్కి రావడానికి పదిహేడేళ్ళు పడుతుంది, అదీ వడ్డీ లెక్కెయ్యకుండా. కారు ఆర్‌సీ గడువే పదిహేనేళ్ళు. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. నెలకు రెండు వేల కిలోమీటర్లకు పైగా సిటీలోనే తిరుగుతూ, సగం పైన సొమ్ము చేతిలో పెట్టుకుని, పదేళ్ళు కారు మార్చనివాళ్ళకు ఈ లెక్క వేరుగా వస్తుంది. అందులో మొదటి రెండూ మీకు వర్తించవు.

షోరూమ్‌లో చెప్పిన రెండు మాటలు కూడా రాశారు. జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే తీసుకోండి అన్నారట. 2025 సెప్టెంబరు 22 నుంచి బాగా తగ్గింది చిన్న కార్ల మీద, 18 శాతానికి. మీరు చూసిన కారు మీద సెస్సుతో కలిపి 43 ఉండేది, 40 అయింది. హైబ్రిడ్‌కు ఇన్సూరెన్స్‌లో డిస్కౌంట్ ఉందన్న మాట నిజమే, అది థర్డ్ పార్టీ ప్రీమియంలో, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే బీమాలో, ఏడున్నర శాతం. 2022 రేట్ల ప్రకారం 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు ఉన్న కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ ప్రీమియం 10,640. అందులో ఏడున్నర శాతమంటే 798 రూపాయలు. ఇరవై లక్షల నిర్ణయానికి అది కారణం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆదా 5,000 కాదు 2,100 అని తేలింది కాబట్టి కిస్తీలో ప్రతినెలా 2,900 తక్కువ పడుతుంది. గోల్డ్ లోన్ వడ్డీ మీ పట్టికలో అసలు లేనే లేదు. 3.6 లక్షలకు 10 శాతమనుకున్నా నెలకు 3,000. అంటే మొదటి నెల నుంచే ఆరువేల లోటు. ఇప్పుడు సిప్ కాకుండా 92,500 ఉన్న మీ నెల ఖర్చు 1,16,000 అవుతుంది. జీతం 1,10,000. ఏడాది తిరిగేసరికి గోల్డ్ లోన్ అసలు కట్టాలి. బోనస్‌తో కడతానన్నారు. పన్ను పోను లక్షన్నర వచ్చే బోనస్‌తో 3.6 లక్షలు ఎలా తీరుతుంది? తీరదు. వడ్డీ కట్టి తిరగరాస్తారు. మళ్ళీ ఏడాదీ అంతే.

అసలు మీ దగ్గర అత్యవసర నిధి ఉందా? 1.2 లక్షలు ఉన్నాయన్నారు. ఇప్పటి ఖర్చుకు అది నలభై రోజుల డబ్బు. కారు వచ్చాక ఒక్క నెల. ఒకే జీతం మీద నడిచే ఇల్లు, 34 వేల హోమ్ లోన్ కిస్తీ, ఊళ్ళో షుగర్‌తో ఉన్న నాన్నగారు, ఏడాదికి 1,80,000 స్కూలు ఫీజులు. ఇలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 5.55 లక్షలు, ముట్టుకోకుండా పక్కన ఉండాలి. కారు కొంటే ఆ ఆరు నెలల అంకె దాదాపు 7 లక్షలకు పెరుగుతుంది. నిధి ఒక్క రూపాయి పెరగకుండా అవసరం లక్షన్నర పెరుగుతుందన్నమాట. షోరూమ్ కొటేషన్‌లో ఈ లక్షన్నర ఎక్కడా రాసి ఉండదు.

2023లో నా దగ్గరికి ఒక జంట వచ్చారు. ఆయన టెస్టింగ్ ఇంజనీరు, అచ్చం మీలాగే ఏడేళ్ళ కార్ లోన్, డౌన్ పేమెంటుకు భార్య నగలు. కంపెనీ ఒక శుక్రవారం మీటింగు పెట్టి అరవై రోజుల జీతం ఇచ్చి పంపేసింది. ఐదు నెలలు గడిచాయి. ఆయన సంచిలోంచి రిజిస్టర్డ్ పోస్టు కవరు తీసి నా టేబుల్ మీద పెట్టాడు, నగల వేలం నోటీసు. తేదీకి ఇంకా పదకొండు రోజులుంది. కాసుల పేరు 42 గ్రాములు, గాజులు నాలుగు, నల్లపూసలు అంటూ వరుసగా రాసి ఉంది. ఆవిడ ఆ కాగితం వైపు చూడలేదు. గాజులు తన అమ్మమ్మవని మాత్రం ఒక్కసారి చెప్పింది. చివరికి కారు అమ్మారు. అమ్మితే 9 లక్షలు వచ్చాయి, దాని మీద బాకీ 8.7 లక్షలు. చేతిలో మిగిలిన 30 వేలు వడ్డీకి కట్టి వేలం ఒక నెల వాయిదా వేయించాం. మిగతాది ఆవిడ తమ్ముడు సర్దాడు. వాళ్ళ దగ్గర ఆరు నెలల ఖర్చు ఉండి ఉంటే ఆ కాగితం వచ్చేదే కాదు, ఆరో నెలలో ఆయనకు ఉద్యోగం దొరికింది.

అందుకే బంగారం పెట్టి డౌన్ పేమెంటు అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. ఇల్లాలి మెళ్ళో బంగారం మీకున్న ఆఖరి అత్యవసర నిధి. దాన్ని తీసుకెళ్ళి, షోరూమ్ గేటు దాటగానే విలువ తగ్గే వస్తువుకు పెట్టుబడి పెడతానంటున్నారు. కార్ లోన్ ఒక్కదానికే ఏడేళ్ళలో వడ్డీ 4.9 లక్షలు. మూడేళ్ళు వరుసగా కట్టాక కూడా 9 లక్షల పైన బాకీ ఉంటుంది. ఎవరి బంగారం మీద ఎవరి అప్పు ఎక్కుతోందో ఒకసారి మీ భార్యతో కూర్చుని మాట్లాడండి. ఉత్తరంలో ఆవిడ అభిప్రాయం ఒక్క వాక్యం కూడా లేదు.

చేయాల్సింది చెబుతాను. సిప్ ఆపుతానన్నారు కదా, ఆపండి, కారు కోసం కాదు. ఆ 12,000, నెలాఖరున మిగిలే 5,500 కలిపి ప్రతినెలా ఒకటో తేదీన వేరే బ్యాంకు ఖాతాకు పంపండి. దానికి డెబిట్ కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లో యూపీఐకి లింకు చేయొద్దు. ఈ ఏడాది బోనస్ కూడా అందులోనే. ఇప్పుడున్న 1.2 లక్షలతో కలిపి పదహారు, పదిహేడు నెలల్లో 5.55 లక్షలు పూర్తవుతుంది. నెలకు 17,500 పక్కన పెట్టడం మధ్యలోనే కష్టమైతే, 22,525 కిస్తీ కట్టగలరో లేదో మీకే తెలిసిపోతుంది, అదీ పైసా వడ్డీ లేకుండా.

మీకున్నది కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్కటే. ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి, నాన్నగారికి విడిగా చూడండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఇప్పుడు జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) హోమ్ లోన్ బాకీ కంటే తక్కువ ఉంటే పెంచండి.

సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ గురించి కూడా అడిగారు. మీ అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్ పాయింటుకు అసోసియేషన్ ఒప్పుకోలేదని మీరే రాశారు, చాలా సీఎన్‌జీ కార్లలో డిక్కీ సగం సిలిండరే తింటుంది. నిధి నిండాక వాటి సంగతి చూద్దాం. అప్పటిదాకా స్విఫ్ట్‌కు టైర్లు, క్లచ్ మార్పించుకోండి, ముప్పై, నలభై వేలలో అయిపోతుంది. ఇంజన్ బాగానే ఉందని సర్వీసు రిపోర్టు చెబుతోంది.

బుకింగ్ రద్దు చేస్తున్నానని ఈ వారంలోనే షోరూమ్‌కు మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. బుకింగ్ ఫారం వెనక రద్దు చార్జీలు ఎంతో ఉంటుంది చూడండి. కొంత కోసుకుంటే కోసుకోనివ్వండి. వెనక్కి వచ్చినదాన్ని ఆ కొత్త ఖాతాలో మొదటి జమగా వేయండి.