మోరో ద్వీపం మీద మీ గుంపు అభిప్రాయాలు కలవకపోవడానికి కారణం

హెచ్.జి. వెల్స్ నవల ‘డాక్టర్ మోరో ద్వీపం’ చదువుతున్న మీ పర్లాకిమిడి గుంపులో సగంమంది "క్రూరత్వం తప్ప ఏముంది" అంటున్నారంటే, బహుశా 14వ అధ్యాయానికి ముందే ఆపేసి ఉంటారు. మనుషుల్ని జంతువులుగా మారుస్తున్నారని అప్పటిదాకా, ఆ దీవికి చేరిన కథకుడు ప్రెండిక్ భ్రమ. జరిగేది దానికి తలకిందులని, అంటే జంతువుల్నే మనుషుల్లా మారుస్తున్నానని, శాస్త్రవేత్త మోరో విప్పి చెప్పేది అక్కడే.

1. ముందు ఎవరెక్కడ ఆపారో అడగండి.

2. అందరూ దాటేసేది నవల మొదట్లో ప్రెండిక్ వారసుడు రాసినట్టుండే ముందుమాట. 1891లో స్కార్పియన్ నౌక వాళ్లు ఆ దీవిలో దిగితే కనిపించినవి తెల్ల చిమ్మెటలు, పందులు, కుందేళ్లు, కొన్ని వింత ఎలుకలు. అంతే! ఆ పేజీ పైకి చదివించండి, ఒడియా మిత్రులుంటే వాళ్ల భాషలో నోటితో చెప్పేయండి. ఇదంతా నిజమా, ప్రెండిక్ మతిభ్రమణమా? అసలు వాదన ఇదీ.

3. అప్పటికీ నచ్చలేదన్నవాళ్లను వదిలేయండి. మోరో కోతలకు ఆ ప్యూమా (పిల్లి జాతి పెద్ద మృగం) పెట్టే అరుపులు నాకూ కష్టమే.