పాత బెస్సన్ ఈ-ఫ్లాట్ ట్యూబాకి కొత్త మౌత్‌పీస్ కుదరట్లేదు – సమాధానం

అన్నా, మీ ట్యూబాకి (పెద్ద ఇత్తడి ఊదు వాయిద్యం) బాక్ 18 మౌత్‌పీస్ (పెదాలు ఆనించి ఊదే ముక్క) పెడితే అర అంగుళం కూడా లోపలికి దిగట్లేదని, ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేసే జారుడు గొట్టం) మొత్తం లోపలికి తోసేసినా శ్రుతి కిందే ఉంటోందని రాశారు. మీ పెదాల్లోనూ, ఊపిరిలోనూ లోపం లేదు. షాంక్ (వాయిద్యంలోకి దూరే మౌత్‌పీస్ కాడ) సైజు తేడా. మీ బెస్సన్ లాంటి పాత బ్రిటిష్ ఈ-ఫ్లాట్ ట్యూబాల్లో చాలావాటికి రిసీవర్ (షాంక్ దూరే గొట్టం మూతి) సన్నగా ఉంటుంది, బాక్ 18 షాంక్ లావు. మౌత్‌పీస్ బయటే ఆగిపోతే గొట్టం పొడవు పెరిగినట్టే, అందుకే శ్రుతి దిగుతోంది.

ఖాయం చేసుకోవాలంటే షాంక్ మీద మార్కర్‌తో నిలువుగా గీతలు గీసి, రిసీవర్లో పెట్టి మెల్లగా తిప్పి తీయండి. కొస దగ్గర మాత్రమే ఇంకు చెరిగితే షాంక్ లావైనట్టు. సరిగ్గా కూర్చునేదైతే దిగినంత మేరా సమంగా చెరుగుతుంది, ఊపినా కదలదు.

దయచేసి రిసీవర్‌ని మాత్రం అరగదీయించకండి. పాత వాయిద్యం, మళ్లీ మొదటికి రాదు. లేత్ మీద షాంక్‌నే సన్నం చేయించవచ్చు గానీ, కొస వైపు సన్నబడే వాలులో తేడా రాకుండా చేసే పనివాడు దొరకాలి. నా ఓటు డెనిస్ విక్ 3కి. లండన్ సింఫనీలో ట్రాంబోన్ వాయించిన ఆయన పేరు మీద వచ్చే మౌత్‌పీస్‌లివి. నంబర్ పక్కన 'ఎల్' ఉంటే లావు షాంక్, మీకు ఎల్ లేనిది కావాలి. మౌత్‌పీస్ కప్పు (గిన్నెలాంటి భాగం) లోతు, రిమ్ (పెదాలు ఆనే అంచు) వెడల్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆర్డర్ పెట్టేముందు వెర్నియర్‌తో రిసీవర్ మూతి లోపలి వ్యాసం కొలిచి అమ్మేవాళ్లకి పంపండి.