ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్లే పాత కారు మొరాయిస్తోందా?

ప్రశ్న: నా దగ్గర ముప్ఫై అయిదేళ్ల నాటి కార్బ్యురేటర్ కారు ఉంది. రోజూ తిప్పినంతకాలం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. పది రోజులు షెడ్డులో ఉంచితే మాత్రం బ్యాటరీ నీరసించేదాకా సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. ఎండలో చాలా దూరం నడిపి, ఇంజను ఆపి, పావుగంట తర్వాత మళ్లీ తీయబోయినా ఇదే తంతు. పెట్రోలులో ఇథనాల్ కలపడమే దీనికి కారణమని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ మెకానిక్ చెప్పినది సగం నిజం. మీరు రాసినవి పైకి ఒకేలా కనిపిస్తున్నా, అవి రెండు వేర్వేరు జబ్బులు. వాటిలో ఇథనాల్ పాత్ర కూడా వేర్వేరుగానే ఉంటుంది.

మొదట పది రోజులు నిలిపి ఉంచినప్పటి సంగతి చూద్దాం. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో, ఫ్లోట్ చాంబర్ అనే చిన్న గిన్నెలో పట్టేది కొద్దిపాటి పెట్రోలే, పైగా దానికి గాలి రంధ్రం ఉంటుంది. నిలిచిన బండిలో ఆ పెట్రోలు మెల్లగా ఆవిరైపోతుంది. దీనికి తోడు ఫ్యూయల్ పంపులోని వాల్వు అరిగిపోయి ఉంటే, గొట్టంలోని పెట్రోలు కూడా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. అప్పుడు సెల్ఫ్ మోటారు తిప్పుడుతోనే ఆ పంపు ట్యాంకు నుంచి పెట్రోలు లాగి చాంబర్ నింపాలి కనుక బ్యాటరీ అలసిపోతుంది. ఇథనాల్ లేని రోజుల్లోనూ ఈ బాధ ఉండేది. మూల పెట్రోలును తగినట్టు సవరించకుండా 10 శాతం ఇథనాల్ కలిపితే ఆవిరి పీడనం (ఆవిరయ్యే జోరు) సుమారు 7 కిలోపాస్కళ్లు పెరుగుతుంది కాబట్టి, చాంబర్ మరికాస్త త్వరగా ఎండుతుందంతే.

ఈ విషయాన్ని మీరే తేల్చుకోవచ్చు. పది రోజులు నిలిపాక, సెల్ఫ్ కొట్టకముందే, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లీవరును (యాక్సిలరేటర్ తొక్కితే కదిలేదాన్ని) చేత్తో ఒక్కసారి గట్టిగా తిప్పండి. లోపల సన్నని ధార చిమ్మితే చాంబర్‌లో పెట్రోలు ఉన్నట్టే. అప్పుడు చోక్‌నూ (చల్లటి ఇంజనుకు గాలి తగ్గించే మూతనూ) స్పార్క్ ప్లగ్గులనూ అనుమానించాలి. చుక్క కూడా రాకపోతే చాంబర్ ఎండిపోయిందని, పంపు వాల్వులు, అందులోని రబ్బరు పొర (డయాఫ్రం) చూడాలని అర్థం. మీ కారులో ఈ రెండోదే కనిపిస్తుందని నా అంచనా.

ఎండలో ఆపిన తర్వాత వచ్చే ఇబ్బందిలో మాత్రం ఇథనాల్‌కు నిజంగానే వాటా ఉంది. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పెట్రోలులోని తేలిక భాగాలు అంతకంటే చాలా ముందే మరుగుతాయి; అలాంటప్పుడు ఇథనాల్ కలిస్తే ఆవిరి తగ్గాలి కదా అనిపిస్తుంది. జరిగేది వేరు. విడిగా ఉన్నప్పుడు ఇథనాల్ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, పెట్రోలులో పలచగా చెదిరిపోయాక ఆ పట్టు తప్పి సులువుగా ఎగిరిపోతాయి. ఇంజను ఆపగానే చల్లగాలి తగ్గి, ఇంజను వేడంతా కార్బ్యురేటర్‌లోకి ఎక్కుతుంది. చాంబర్‌లో మరిగిన పెట్రోలు జెట్‌ల (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల) మీదుగా పొంగి, ఇంజనులోకి గాలి వెళ్లే మానిఫోల్డులోకి దిగుతుంది. బానెట్ ఎత్తితే గుప్పుమనే వాసన దానిదే. అలాంటప్పుడు చోక్ లాగకండి, యాక్సిలరేటర్‌ను పదేపదే తొక్కకండి. పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొడితే అదనపు ఆవిరి బయటికి పోయి ఇంజను అందుకుంటుంది. శాశ్వత పరిష్కారం కావాలంటే కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే మందపాటి స్పేసర్ వేయించి, పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరంగా మళ్లించాలి.

చల్లటి ఉదయాల్లో ఇంకో చిక్కు ఉంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత జెట్‌లకు ఆ తేడా తెలియదు కాబట్టి 10 శాతం కలిసినప్పుడు గాలి, పెట్రోలు మిశ్రమం మూడు నాలుగు శాతం పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువవుతుంది. చోక్ సరిగ్గా మూసుకునే బండికి ఇది లెక్కలోకి రాదు, సగం తెరుచుకుని ఉండిపోయే చోక్‌కు మాత్రం భారమవుతుంది.

మీరు కొడుతున్న పెట్రోలులో ఇథనాల్ ఎంత ఉందో కూడా చూసుకోవచ్చు. కొలత గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, కలిపి, తేరుకోనివ్వండి. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి, అడుగు పొర 19 దగ్గర నిలిస్తే పెట్రోలులో సుమారు 10 శాతం ఉన్నట్టు.

సీసాల్లో అమ్మే మందులకు డబ్బు తగలేయకండి. అవి పెట్రోలు పాడవడాన్ని కొంత ఆలస్యం చేస్తాయేమో గానీ ఎండిన చాంబర్‌ను నింపలేవు. ఆ డబ్బుతో ముందు పాత రబ్బరు గొట్టాలనూ పంపు డయాఫ్రాన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంవి వేయించండి. పాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చివరికి చీలుతుంది. వేడి ఇంజను పక్కన పెట్రోలు కారడం మొరాయింపు కంటే చాలా పెద్ద ప్రమాదం.