తిరుపతిలో వదిలొచ్చిన బండి, ఆదివారం అయిదు నిమిషాలు

తమ్ముడూ, అమెరికా వచ్చి రెండు నెలలు కాలేదు, ఇల్లు, లైసెన్సు టెన్షన్లన్నీ పక్కన పెట్టి తిరుపతిలో వదిలొచ్చిన బండి బ్యాటరీ ఏమవుతుందో అని అడిగావు చూడు, నువ్వు మా ఊరోడివే. నేనూ పదిహేనేళ్ల కిందట కొర్లగుంటలో బుల్లెట్ వదిలేసి మినియాపోలిస్ వచ్చినవాణ్ణే.

మా నాయన పాపం ప్రతి ఆదివారం సెల్ఫ్ కొట్టి, అయిదు నిమిషాలు ఆ శబ్దం విని ఆపేసి, "బండి బ్రహ్మాండంగా ఉందిరా" అని ఫోన్లో చెప్పేవాడు. పద్నాలుగు నెలల తర్వాత చెన్నైలో దిగి ఇంటికి చేరి, మర్నాడు తెల్లారే కొండకు పోదామని బటన్ నొక్కితే టిక్కుమని ఊరుకుంది. మీటర్ పెడితే 10 వోల్టులు. దాన్ని చంపింది ఆ అయిదు నిమిషాలే. సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కసారిగా బోలెడు కరెంటు పోతుంది, నిలబెట్టిన చోట ఇంజను తిరిగినంత మాత్రాన అది వెనక్కి రాదు, పైగా 2017 ఏప్రిల్ తర్వాతి బండ్లకు హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే లేదు, వచ్చే ఆ కాస్తా అదే తినేస్తుంది. నెలల తరబడి అలా సగం కడుపుతో ఉంటే సీసం పలకల మీద సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది, ఇక ఎంత చార్జింగ్ పెట్టినా పట్టదు. మన ఎండలకు వాడకపోయినా బ్యాటరీ ఇంకా తొందరగా దిగిపోతుంది.

నడిపేవాళ్లుంటే వారానికోసారి చంద్రగిరి దాకా పోయి రమ్మను. లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగింది లెక్కలోకి రాదు. లేదంటే బ్యాటరీ తీసి ఇంట్లో నీడన పెట్టించు: విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. నెలకోసారి మీటర్ పెట్టి చూడాలి, 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4కు దిగితే చార్జింగ్ పెట్టాలి. 5 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత పట్టుకుంటుందో చెప్పే లెక్క) బ్యాటరీకి అర యాంపియర్ చాలు, తొందరగా ఎక్కించమని కారు చార్జర్‌కు తగిలిస్తే ఉబ్బిపోతుంది. మూతలున్న పాత రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. క్యాన్‌లో మినరల్ వాటర్ ఉంది కదా అని అమ్మ పోసేస్తుంది, ముందే చెప్పిపెట్టు.

ఇక్కణ్ణుంచి చార్జర్ పంపాలనుకుంటే వెనక 100–240 అని ఉందో లేదో చూడు. వట్టి 120 వోల్టులది అక్కడ 230కి పెడితే పొగే. నన్నడిగితే అక్కడే కొనిపించు, నిండాక తనంతట తనే కరెంటు తగ్గించుకునే రకం.

రేపు ఇక్కడా బండి కొంటావు, తెలుసు నాకు. ఇక్కడ గొడవ చలితో. నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 40 డిగ్రీల సెల్సియస్‌లోనూ గడ్డకట్టదు, ఖాళీ అయినదైతే మైనస్ 7 సెల్సియస్ దగ్గరే గడ్డకట్టి డబ్బా పగలొచ్చు. గడ్డకట్టినదానికి చార్జర్ మాత్రం తగిలించొద్దు, పేలే ప్రమాదం ఉంది. లిథియం బ్యాటరీ అయితే దాని చార్జరే వేరు.

ఇంతకీ ఊళ్లో ఉన్నది ఏ సంవత్సరం బండి? 2020 తర్వాతది అయితే చాలావాటికి కిక్కు ఉండదు, పెట్రోలు పంపు కూడా బ్యాటరీ మీదే నడుస్తుంది, కాబట్టి మేము పాత బండ్లతో చేసినట్టు తోసి స్టార్ట్ చేయొచ్చులే అని ధీమాగా ఉండొద్దు.