ముందు ఆ ఫైలు వెతుకు

అమ్మడూ,

మొన్న ఫోన్లో నువ్వేడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. "నాకొచ్చిన రొమ్ము కేన్సర్ నా కడుపున పుట్టేవాళ్లకీ వస్తుందట కదా పెద్దమ్మా" అన్నావు. ఎవరన్నారో నేనడగను. నాకూ అదే జబ్బు కదా, నన్నూ అన్నారు. మీ అన్నయ్య కడుపులో ఉండగా బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి క్యూలో నిలబడితే, వెనకావిడ నాకు వినపడేలాగే అంది. ఆ పిల్లాడే ఇప్పుడు స్టీల్‌ప్లాంటుకి వెళ్తూ రోజూ క్యారేజీ మరిచిపోతాడు, వెనకాల పరిగెత్తేది నేను.

చికిత్స ముగిసి కొన్నేళ్లయ్యాక కనే బిడ్డకి ఆ కేన్సర్ అంటుకోదు. కీమో, రేడియేషన్ చేయించుకున్న తల్లుల పిల్లల్ని వేలల్లో గమనించారు. అవకరాలు మిగతా పిల్లల్లో కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువేం కనబడలేదు. కొన్ని కుటుంబాల్లో దిగేది జన్యువులోని లోపం. రొమ్ము కేన్సర్‌లో ముఖ్యంగా బ్రాకా ఒకటి, రెండు (BRCA1, BRCA2) అనే జన్యువుల్లో లోపం. అది తల్లికుంటే ఒక్కో బిడ్డకీ దిగే అవకాశం సగం. లోపం దిగినంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందనీ లేదు. నీకు చిన్న వయసులోనే వచ్చింది కాబట్టి ఆ పరీక్ష అయిందో లేదో డాక్టర్ని అడుగు.

అసలు జాగ్రత్త నెలలు నిండకుండా కాన్పు రావడం గురించి. మనలాంటివాళ్లకి ఆ అవకాశం కొంచెం ఎక్కువ. పొత్తికడుపుకి రేడియేషన్ ఇచ్చినవాళ్లకి ఇంకా ఎక్కువ, నీకది లేదు. మీ అన్నయ్య 35 వారాలకే వచ్చేశాడు, 2 కిలోల 100 గ్రాములు. అందుకే ఇంటికి దగ్గరని చిన్న నర్సింగ్‌హోమ్‌లో పేరు రాయించుకోకు. విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రిలా నెలలు నిండని పిల్లల్ని చూసే వార్డు ఉన్నచోటే రాయించుకో.

పాల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నేను కన్న చోట ఒకామె "మందులు పడ్డ ఒంటి పాలు, డబ్బా పట్టండి" అంది. రెండ్రోజులు విన్నాను, బుద్ధిలేక. మూడోరోజు ఆయా ఒకామె పిల్లాణ్ణి తీసి నా ఎడమ పక్కన పెట్టింది. కుడివైపు ఆపరేషనూ రేడియేషనూ అయింది, అందులో నాలుగు చుక్కలు కూడా రాలేదు. ఎడమవైపు మాత్రం జాకెట్ తడిసేంత. ఆరు నెలలు ఆ ఒక్క పక్కతోనే పెంచాను. పాల ద్వారా కేన్సర్ పోదు. కీమో, టామోక్సిఫెన్ లాంటి కేన్సర్ మందులు వాడుతున్నప్పుడు మాత్రం పాలివ్వకూడదు.

ఇప్పుడు నీ టామోక్సిఫెన్, జబ్బు తిరగబెట్టకుండా రోజూ వేసుకునే ఆ మాత్ర. అది వేసుకుంటూ గర్భం రాకూడదు, బిడ్డకి హాని. అలాగని నీ అంతట నువ్వు మానేయకు, ఇందులో నీ మొండితనం పనికిరాదు. 2023లో పాజిటివ్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. నీలాంటి హార్మోన్ రకం (హార్మోన్ల వల్ల పెరిగే కేన్సర్) వాళ్లు 500 మందికి పైగా, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్ర వేసుకున్నాక, పిల్లల కోసం రెండేళ్ల దాకా ఆపారు. మూడు నెలలు ఆగి ప్రయత్నించారు. మూడేళ్లు పైచిలుకు చూస్తే జబ్బు తిరగబెట్టడం ఎక్కువ కాలేదు, నాలుగింట మూడొంతుల మందికి గర్భం వచ్చింది. ఇంకా దీర్ఘకాలం చూడాల్సి ఉంది. అగనంపూడి హోమీ భాభాలో నీ డాక్టరమ్మతో ఈ మాటే అడుగు: ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి.

కీమోలో ఎర్ర మందు (డాక్సోరూబిసిన్ లాంటిది) ఎక్కించారన్నావు కదా, సెలైన్ గొట్టంలో శరబత్తులా దిగేది. అది గుండెని బలహీనపరచొచ్చు. గర్భానికి ముందే ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించు.

ఇవన్నీ కాన్పుల డాక్టరు చూడాలంటే నీ ఫైలు కావాలి. బీరువా మీద, పట్టుచీరల అట్టపెట్టె కింద పెట్టావు, నేను చూశాను. డిశ్చార్జి కాగితం, కీమో చార్టు జిరాక్స్ తీయించు. ఆదివారం మీ పెదనాన్న స్కూటర్ మీద దింపుతారు, చేపల పులుసు పట్టుకొస్తాను.

పెద్దమ్మ