హాతూర్ వచ్చింది, గోధుమ చల్లాలి

"ప్రాచీన ఈజిప్టు దేవతల పూజ ప్రభావం ఇప్పుడేమైనా మిగిలి ఉందా, మ్యూజియంలకే పరిమితమా?" అని అడిగారు. అస్వాన్ దగ్గర బెన్‌బాన్ సోలార్ పార్కులో రెండేళ్ళు పనిచేసి వచ్చాను కాబట్టి నాకు చెప్పే హక్కుందనుకుంటున్నాను.

ముందు నా గోడు వినండి. వెళ్ళిన కొత్తలో ఒక గురువారం రాత్రి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "రేపు ఐసిస్ గుడికి వెళ్తున్నా" అని పెట్టాను. ఇండియాలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఐదు నిమిషాల్లో పెదనాన్న ఫోన్. "ఒరేయ్, ఎవరు తీసుకెళ్తున్నార్రా నిన్ను? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా?" అది దేవత పేరు పెదనాన్నా, చచ్చిపోయిన మొగుణ్ణి బతికించుకున్న తల్లి అని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పటికీ తెలుగులో ఐసిస్ అని వెతికితే ముందు ఆ పేరున్న ఉగ్రవాద సంస్థ బాంబుల వార్తలే వస్తాయి. రెండున్నర వేల ఏళ్ళకు పైగా పూజలందుకున్న ఆవిడకి ఈ గతి.

ఆ గుడి ఫిలేలో ఉంది. షెల్లాల్ రేవులో పడవెక్కాలి. రేటు ముందే మాట్లాడుకోకుండా ఎక్కారో, దిగేటప్పుడు మీ పని అంతే. అసలు ఫిలే ద్వీపం ఆనకట్టల నీళ్ళలో మునిగిపోతోందని 1972 నుంచి 1980 దాకా గుడిని రాయి రాయిగా విప్పి, పక్కనున్న అగిల్కియా ద్వీపంలో మళ్ళీ కట్టారు. మనకు తెలిసినంతలో తేదీ ఉన్న చిట్టచివరి ఈజిప్టు చిత్రలిపి శాసనం ఈ గోడమీదే ఉంది, క్రీ.శ. 394 ఆగస్టు 24 నాటిది. రోమన్ చక్రవర్తులు పాత పూజలన్నీ నిషేధించాక కూడా దక్షిణాది నూబియా జాతులవాళ్ళు ఇక్కడికి వచ్చి మొక్కుకుంటూనే ఉన్నారు. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి గుడిని మూయించాడు. లోపల చర్చి పెట్టారు. గోడలమీద శిలువలు, ఉలి దెబ్బలు తిన్న దేవతల ముఖాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

చాలామంది ఇక్కడితో కథ అయిపోయిందంటారు. నేను ఒప్పుకోను.

మా సైటుకి వ్యాన్ నడిపే పెద్దాయన ఒకాయన ఉండేవారు. అందరూ పేరుకి ముందు 'అమ్' అని తగిలించి పిలిచేవారు, అంటే బాబాయ్ అని. ఆయన నన్ను 'బాష్‌మొహందిస్' అనేవారు. అక్కడ ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడూ చీఫ్ ఇంజనీరే. నవంబర్ రెండో వారంలో ఒక పొద్దున వ్యాన్ స్టార్ట్ చేస్తూ, రేపట్నుంచి రెండు రోజులు రానన్నారు. ఏమైంది బాబాయ్ అంటే, "హాతూర్ వచ్చింది, గోధుమ చల్లాలి" అన్నారు. దానికో సామెత కూడా చెప్పారు: హాతూర్ అంటే బంగారం వెదజల్లే నెల. గోధుమ గింజలే ఆ బంగారం.

నాకు ఒళ్ళు జలదరించింది. హాతూర్ అంటే హతోర్! ఆవు చెవులుండే దేవత, దెందెరాలో అంత పెద్ద గుడి ఉన్నావిడ. పాత రాతల్లో ఆవిడకి 'బంగారు దేవి' అనే బిరుదుంది. సామెతలో బంగారం అక్కణ్ణుంచే వచ్చిందని నేనంటాను, కాదనేవాళ్ళతో వాదనకు సిద్ధం. వచ్చీరాని అరబ్బీలో ఇదంతా ఆయనకి చెప్పాను. అద్దంలోంచి నన్ను చూసి నవ్వారు. "నెల పేరు నెల పేరే, బాష్‌మొహందిస్. నేను నమాజు చేసేవాణ్ణి. మీ ఆఫీసు క్యాలెండర్ జీతానికి. పొలానికి ఇది."

దార్లో ఆ పాత ఈజిప్టు క్యాలెండర్‌లోని మిగతా నెలలు కూడా ఏకరువు పెట్టారు. తూబా నెల చలికి పడుచుపిల్ల కూడా ముసలమ్మైపోతుందట. కోతల కాలంలో వచ్చే బరమూదా పేరు, పాము రూపంలో పంటను కాచే రెనెనూతెత్ దేవతది. ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ చర్చి పండుగలకూ ఈ నెలలే, ముస్లిం రైతు విత్తనాలకూ ఈ నెలలే.

మా తాతయ్యా అంతే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనేవారు, మృగశిర రాగానే దుక్కి గురించి హడావుడి పడేవారు. రోహిణి చంద్రుడి భార్య అని ఆయనకి తెలియక కాదు. నాగలి పట్టుకున్నప్పుడు ఆ కథతో పనేముంది? అందుకే, పూజ పోయాక కూడా పేరు పోకపోవడానికి కారణం రైతే అని నా అభిప్రాయం. స్పెయిన్‌లోనూ చూడండి. మాడ్రిడ్ నగరాన్ని కాచే సాధువు సాన్ ఇసిద్రో, రైతుల సాధువు. మే 15న ఆయన పండుగ. ఇసిద్రో అన్నా ఇసిడోర్ అన్నా గ్రీకులో 'ఐసిస్ ఇచ్చిన కానుక' అని, అంటే మన దేవీప్రసాద్. ఆ సంగతి ఊరేగింపులో ఎంతమందికి గుర్తుంటుంది?

ఇలాంటి ప్రశ్న రాగానే కొందరు బిడ్డకు పాలిచ్చే ఐసిస్ బొమ్మ, మేరీమాత బొమ్మ పక్కపక్కన పెట్టి గొడవ మొదలెడతారు. పండితులకే అక్కడ ఏకాభిప్రాయం లేదు. తల్లి ఒళ్ళో బిడ్డని గీయడానికి ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదని నాకనిపిస్తుంది. ఇంకొందరు ఈజిప్టు అన్నది సంస్కృత పదమంటూ ఫార్వర్డ్‌లు పంపుతారు. వాళ్ళకో దండం.

మనకు సంబంధం కావాలంటే నిజమైనదే ఉంది కదా! ఈజిప్టులోనే, ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే అనే పాత రేవులో ఐసిస్ గుడి ఉంది. అక్కడ పాలరాతి బుద్ధ విగ్రహం, సంస్కృత శాసనం, రెండు శాతవాహన నాణేలు దొరికాయని 2023లో ప్రకటించారు. ఆ నాణేలు ధాన్యకటకం నుంచే వెళ్ళాయని నా గట్టి నమ్మకం. రుజువు అడక్కండి. సరుకు దింపి, సముద్రం ముంచనందుకు ఆ అమ్మవారికి దండం పెట్టుకున్న మనవాడొకడు నా కళ్ళకు కడుతున్నాడు.

ఈ నాణేల సంగతి చెప్పాక పెదనాన్న కాస్త మెత్తబడ్డారు. ఇప్పుడు చుట్టాలకి నా గురించి "మావాడు ఈజిప్టులో అమ్మవారి గుడి పక్కనే ఉద్యోగం చేశాడు" అని చెబుతున్నారు. ఏ అమ్మవారు అని అడిగితే మాత్రం మాట మార్చేస్తారు.